కర్రీ పాయింట్ కవరుకీ, పిల్లల బరువుకీ సంబంధం ఉందా?

ఈ రోజు ఎపిసోడ్ మా చెల్లి అడిగిన ప్రశ్న వల్ల పుట్టింది. వాళ్ళుండేది సికింద్రాబాద్‌లో, పద్మారావునగర్. తనకి ఇప్పుడు ఐదో నెల. పెద్దోడికి ఏడేళ్ళు. బడిలో వాడిని "మోటూ" అని పిలుస్తున్నారట. పోయిన నెల డాక్టర్ బరువు చూసి, వయసుకి ఎక్కువుంది, జాగ్రత్త అన్నారు. అంతే, ఇంట్లో పంచాయితీ మొదలైంది. అత్తగారేమో ఫోన్ వల్ల అంటారు. మా బావమరిదేమో చిప్స్ వల్ల అంటాడు. ఎటు తిరిగినా చివరికి తప్పు వచ్చి పడేది మా చెల్లి మీదే. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో తనకొచ్చిన ఒక వీడియో నాకు పంపింది. "అన్నా, ప్లాస్టిక్ వల్ల పిల్లలు లావైతరంట. ఇంట్ల డబ్బాలన్నీ పారెయ్యాల్నా? కడుపుల బిడ్డకు గూడా ఏమన్నా అయితదా?" అని అడిగింది.

ఆ వీడియోలో సగం నిజం ఉంది, సగం భయపెట్టడం ఉంది. రెండూ విడదీసి చూద్దాం.

ముందు మన వీధిలోకి రండి. సాయంత్రం ఏడున్నర తర్వాత సికింద్రాబాద్‌లో ఏ గల్లీలోకి వెళ్ళినా ఒక కర్రీ పాయింట్ ఉంటుంది. పొగలు కక్కే పప్పు, సాంబారు, నూనె తేలే వంకాయ కూర. గరిటెతో తీసి పల్చటి కవర్లో పోసి, ముడేసి చేతికిస్తారు. ఆఫీసు నుంచి వచ్చి వంట చేసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి? నేనూ అదే తింటా. చెల్లి వాళ్ళింట్లో వారంలో నాలుగు రోజులు అదే.

ఇప్పుడు అసలు విషయం. ప్లాస్టిక్ అంటే ఒకే పదార్థం కాదు. మెత్తగా ఉండాలన్నా, గట్టిగా ఉండాలన్నా, రంగు రావాలన్నా అందులో రకరకాల రసాయనాలు కలుపుతారు. వాటిలో పిల్లల బరువు గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించేవి రెండు. ఒకటి బిస్ఫినాల్ ఏ, పొట్టిగా బీపీఏ. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ దీనితోనే చేస్తారు. ఫుడ్ టిన్నుల లోపలి పూతలో వాడారు, ఏటీఎం, సూపర్ మార్కెట్ రసీదుల కాగితం మీదా వాడారు. రెండోది థాలేట్లు. పీవీసీని మెత్తబరచడానికి వాడేవి ఇవే.

ఇక్కడ ఆ వాట్సాప్ వీడియో చేసిన మొదటి తప్పు చెప్తా. కర్రీ పాయింట్ కవరు చూపించి "ఇందులో బీపీఏ" అన్నాడు. ఆ కవరు మామూలుగా పాలిథీన్. దాని తయారీకి బీపీఏ అవసరమే లేదు. అయితే కవరు మంచిదని కాదు నేననేది. అది దేంతో చేశారో, పాత ప్లాస్టిక్ కరిగించి చేశారో మీకూ తెలీదు, అమ్మేవాళ్ళకీ తెలీదు. రీసైకిల్ ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో ఆహారం పెట్టకూడదని ఫుడ్ సేఫ్టీ వాళ్ళు 2018లోనే నిబంధన తెచ్చారు. వేడి, నూనె, ఎక్కువసేపు నిల్వ... ఈ మూడూ కలిస్తే ప్లాస్టిక్‌లోంచి రసాయనాలు తిండిలోకి దిగడం ఎక్కువవుతుంది. ఇప్పుడు ఆ వంకాయ కూర గుర్తు తెచ్చుకోండి. వేడిగా ఉంది, నూనె ఉంది, ఇంటికెళ్ళి తినేసరికి గంట పడుతుంది. మూడుకి మూడూ ఉన్నాయి.

సరే, దిగితే ఏమవుతుంది? బీపీఏని మొదట 1891లో తయారు చేశారు. 1936లో చార్లెస్ డాడ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఇది ఆడవాళ్ళ హార్మోన్ ఈస్ట్రోజెన్ లాగా పనిచేస్తోందని చెప్పాడు. ఆ సంగతి తెలిసిన తర్వాతే, 1950ల్లో, దానితో ప్లాస్టిక్ చేయడం మొదలైంది. నాకైతే ఇది చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. హార్మోన్‌గా పనిచేస్తుందని తెలిసిన పదార్థంతో తర్వాత పిల్లల పాలసీసాలు కూడా చేశారు!

హార్మోన్ అంటే ఒంట్లో తాళంచెవి లాంటిది. చాలా కొంచెమే ఉంటుంది, కానీ సరైన తాళంలో పడితే పని జరుగుతుంది. ఈ రసాయనాలు మారు తాళాలు. కొన్ని తాళాల్లో దూరతాయి. 2006లో కాలిఫోర్నియాలో బ్రూస్ బ్లంబర్గ్, ఫెలిక్స్ గ్రూన్ అనే ఇద్దరు వీటికి ఒబెసోజెన్ అని పేరు పెట్టారు. అంటే లావు పుట్టించేది అని. వాళ్ళు చూసింది ట్రైబ్యూటైల్ టిన్ అనే వేరే రసాయనం. కడుపుతో ఉన్న ఎలుకలకి అది ఇస్తే, పుట్టిన పిల్లల్లో కొవ్వు ఎక్కువైంది. ఎముక కణమైనా, కొవ్వు కణమైనా అవగలిగే మూల కణాలు ఒంట్లో ఉంటాయి. ఆ రసాయనం వాటిని కొవ్వు వైపు తోసిందన్నమాట. మనిషి ఒంట్లో కొవ్వు కణాల లెక్క చాలామటుకు చిన్నతనంలో, టీనేజిలో కుదురుకుంటుంది. పెద్దయ్యాక బరువు తగ్గినా ఆ కణాలు చిక్కుతాయే తప్ప సంఖ్య పెద్దగా తగ్గదు. అందుకే కడుపులో ఉన్నప్పటి నెలలు, మొదటి కొన్నేళ్ళు ముఖ్యం అంటున్నారు. బీపీఏ మాయ దాటి బిడ్డ దాకా వెళ్తుంది కూడా. చెల్లి ప్రశ్నలో సరైన భయం ఇదే.

మరి మనుషుల్లో? 2012లో అమెరికాలో 6 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 2,838 మంది మూత్ర పరీక్షలు చూశారు. బీపీఏ అందరికన్నా తక్కువున్న పావు వంతు మందిలో ఊబకాయం 10.3 శాతం. ఎక్కువున్న పావు వంతులో 22.3 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ వాట్సాప్ వీడియో ఇక్కడే ఆపేసింది. కానీ ఆ పరీక్ష ఒక్కసారి చేసింది. బీపీఏ వల్ల లావయ్యారా, లేక లావుగా ఉన్న పిల్లలు టిన్ ఫుడ్డు, కూల్‌డ్రింకులు ఎక్కువ తాగి తిని బీపీఏ ఎక్కించుకున్నారా? ఆ లెక్క చెప్పలేదు. పరిశోధన చేసినవాళ్ళు కూడా ఆ మాట దాచలేదు. ఎలుకల్లో ఆధారం గట్టిది, మనుషుల్లో అనుమానం గట్టిది. నా మాట ఇంతే.

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్ఐఎన్. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికొచ్చింది. మీరు బస్సులో దాని గేటు ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళుంటారో. అక్కడి శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకల మీద బీపీఏ ప్రభావం చూశారు. పుట్టిన మగ ఎలుకల సంతాన శక్తి మీద దెబ్బ పడుతోందన్నారు. అదే ఎన్ఐఎన్‌లో ఇంకో వింత ఉంది: డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే ఎలుకల జాతి. జన్యువుల్లో వచ్చిన మార్పు వల్ల చిన్న వయసు నుంచే విపరీతంగా లావవుతాయి. వాటికి ఎవరూ పిజ్జా పెట్టలేదు, ప్లాస్టిక్ డబ్బాలో అన్నం పెట్టలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బరువుకి ఒక్క కారణం వెతికే వాళ్ళని నమ్మొద్దు. జన్యువులు, నిద్ర, ఆట, తీపి, నూనె, అమ్మ గర్భం... అందులో ఈ రసాయనాలు ఒక వాటా. మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్న వాళ్ళు 2015-16లో 2.1 శాతం, 2019-21కి 3.4 శాతం అయ్యారు. నాలుగైదేళ్ళలో అంత మార్పు ఒక్క డబ్బా తెచ్చింది కాదు.

ఇప్పుడు మంచి వార్త. బీపీఏ ఒంట్లో ఏళ్ళ తరబడి కూర్చోదు, గంటల్లోనే చాలావరకు మూత్రంలో పోతుంది. మనం రోజూ మళ్ళీ మళ్ళీ ఎక్కించుకుంటున్నాం కాబట్టి ఎప్పుడు చూసినా కనిపిస్తుంది. 2011లో అమెరికాలో ఐదు కుటుంబాలకి, మొత్తం 20 మందికి, ప్లాస్టిక్ ప్యాకింగ్ తగలని తాజా వంట మూడు రోజులు పెట్టారు. మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. మూడే రోజులు!

అందుకే చెల్లికి చెప్పా, డబ్బాలన్నీ పారెయ్యకు. పప్పులు, ఉప్పు, పసుపు పోసుకునే డబ్బాలు ఉండనీ. అవి చల్లగా, పొడిగా ఉంటాయి. పారెయ్యాల్సింది గీతలు పడి, పసుపు పట్టి, వేడి కూర పోసే పాత డబ్బా. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెట్టకు, "మైక్రోవేవ్ సేఫ్" అని రాసున్నా సరే. ఆ మాటకి గిన్నె కరగదు అనే అర్థం, ఏదీ దిగదు అని కాదు. పెద్దోడి టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్ స్టీలువి కొను. పుట్టబోయే బిడ్డ పాలసీసా గురించి దిగులొద్దు, మన దేశంలో బీఐఎస్ ప్రమాణం 2015 నుంచి బీపీఏ ఉండకూడదనే చెప్తోంది. అయినా గాజుదో స్టీలుదో దొరికితే మంచిదే. "బీపీఏ ఫ్రీ" అని రాసుంటే ఎగిరి గంతెయ్యకు. దాని బదులు బీపీఎస్ అనే దాని తమ్ముడిని పెడుతున్నారు, దాని మీదా అనుమానాలే. యూరప్ వాళ్ళు 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని 20,000 రెట్లు తగ్గించారు, 2024 డిసెంబర్‌లో తిండి తగిలే వస్తువుల్లో నిషేధం ప్రకటించారు. మనం అక్కడిదాకా రాలేదు.

మరి కర్రీ పాయింట్? మానెయ్యమంటే నా చెల్లి నన్ను కొడుతుంది. కొట్టాలి కూడా. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఆ పప్పే ఆధారం. మొన్న నేనే రెండు స్టీలు డబ్బాలు పట్టుకుని వెళ్ళా. కొంచెం సిగ్గేసింది, వెనక లైన్లో ఉన్నాయన నవ్వాడు కూడా. కౌంటర్ దగ్గర అన్న మాత్రం డబ్బా తీసుకుని, "రోజు తెస్తే మంచిగుంటది, కవర్ల ఖర్చు నాకు గూడ తక్కువైతది" అన్నాడు. గరిటె కొలత మాత్రం పెంచలేదు.

పెద్దోడి సంగతి అడుగుతారేమో. వాడి ముందు బరువు మాట ఎత్తొద్దని ఇంట్లో అందరికీ చెప్పాం, అత్తగారికి కూడా. కూల్‌డ్రింకు ఆదివారం ఒక్కరోజే. సాయంత్రం గంటసేపు కింద క్రికెట్. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వచ్చే నెల వెళ్ళాలి.