వేటగాని తూటా

బడంగ్‌పేటలో మాకు పరిచయమున్న ఒక వృద్ధుని ఇంట, దేవుని గూటిలో అగరువత్తులు నిలిపే చిన్న ఇత్తడి గొట్టం ఒకటి ఉన్నది. అది పూజాసామగ్రిలోనిదేనని ఇంటి పిల్లల నమ్మకం. నిజానికి అది పన్నెండు బోరు తుపాకి తూటా గుల్ల. ఆయన తండ్రిగారు దానిని తమ చేతులతో నింపుకొని జింకల వేటకు వెళ్ళేవారట. పేల్చిన పిదప పారవేయక, ఇంటికి తెచ్చి మరల నింపేవారట. తూటాను ఇంట నింపుకొనుట ఎట్లు సాధ్యం? ఎందుకు నింపుకొనేవారు? ఆ పని ఎందుకు ఆగిపోయినది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకగా తెలిసిన సంగతులను శ్రోతల ముందుంచుతున్నాము.

ఈ ప్రాంతానికి వేట క్రొత్త కాదు. బడంగ్‌పేటకు చేరువలోనే ఉన్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయ స్థలపురాణం వేటతోనే ఆరంభమవుతుంది. పన్నెండవ శతాబ్దిలో కాకతీయ రెండవ ప్రోలరాజు ఇచ్చటి అడవికి వేటకు వచ్చి, అలసి విశ్రమించగా రామనామం వినిపించినదనీ, పొదల నడుమ స్వామి విగ్రహం కనిపించినదనీ చెప్పుకొంటారు. ఆలయం దాటి, ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడ బాట పట్టినవారికి వనస్థలిపురం వద్ద ఒక వనం కనిపిస్తుంది. అది ఒకప్పుడు నిజాం ప్రభువుల సొంత వేటరంగం. ప్రభువులకు విలాయతీ తుపాకులూ, వాటికి తగిన తూటాలూ కొరత లేదు. చేతితో నింపుకొనవలసిన అవసరం సామాన్య శికారీకే కలిగినది.

తొలినాటి తుపాకిని మూతి నుండి నింపవలసి ఉండేది. గొట్టంలో మందు పోసి, పీచో గుడ్డపేలికో కూరి, ఇనుపకడ్డీతో దట్టించి, గుండ్లు వేసి, అవి జారిపోకుండ మరల పీచు కూరాలి. చివరకు వెలుపలి చనుమొనపై చిన్న రాగి టోపీ తొడగాలి. గుర్రం ఆ టోపీపై పడగానే నిప్పు రేగి, లోపలి మందు అంటుకొనేది. దెబ్బకు నిప్పు రేగే మందును తుపాకికి వాడవచ్చునని 1807లో స్కాట్లండుకు చెందిన ఫోర్సిత్ అనే మతాచార్యుడు పేటెంటు పొందినాడు. ఆయన కూడ వేటగాడే. చెకుముకి నిప్పు ముందుగా మెరిసి పక్షులు ఎగిరిపోతున్నవనే విసుగు ఆయనను ఈ ఆలోచనకు పురికొల్పినదని చెబుతారు.

తరువాత వచ్చిన తూటా ఈ పనులన్నింటినీ ఒక్క గుల్లలో ఇమిడ్చినది. తూటాకు అంగములు నాలుగు. మొదటిది గుల్ల, ఇత్తడితోగాని అట్టతోగాని, నేడు ప్లాస్టిక్కుతోగాని చేస్తారు. రెండవది గుల్ల అడుగున అమర్చే టోపీ. మూడవది మందు. నాలుగవది గుండు, లేదా రవ్వలు. ఇందు కాలిపోయేవి టోపీలోని రసాయనం, మందు మాత్రమే. గుండు ఎగిరిపోతుంది. గుల్ల మిగులుతుంది. తూటాలో ఎక్కువ ఖరీదుగల భాగం ఆ గుల్లయే. చేతితో తూటా నింపుకొనే అలవాటుకు మూలం ఇదే. దుకాణం దూరమై, తూటాల సరఫరా కొద్దిపాటిగా ఉన్న రోజులలో, ఇత్తడి గుల్లను పారవేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

పన్నెండు బోరు అనే మాటకు కూడ అర్థం చెప్పుకొందాము. ఆ తుపాకి గొట్టంలో సరిగా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను బరువు అవుతుంది. బోరు సంఖ్య పెరిగిన కొద్దీ గొట్టం సన్నమవుతుంది.

నింపే పని చూచుటకు తేలిక. కాలిన టోపీని తొలగించి క్రొత్తది అమర్చుట, మందు కొలిచి పోయుట, పైన బిళ్ళ ఉంచుట, రవ్వలు వేయుట, మూతి మూయుట — ఇంతే. కాని ఇందులోని ప్రతి మెట్టూ ప్రాణాంతకం కాగలదు. అమెరికా వంటి దేశాలలో నేటికీ జింకల వేటగాండ్రు చట్టసమ్మతంగానే తూటాలు నింపుకొంటారు. వారు మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురివిందగింజ బరువులో గ్రెయిను సుమారు సగం. అంత సూక్ష్మమైన త్రాసు దేనికని అడుగవచ్చును. 1884లో ఫ్రాన్సుకు చెందిన పాల్ వియే పొగరాని మందును కనిపెట్టినాడు. ఆ మందుకు ఒక గుణం కలదు: ఒత్తిడి పెరిగిన కొద్దీ మరింత వేగంగా కాలుతుంది, వేగంగా కాలిన కొద్దీ ఒత్తిడి మరింత పెరుగుతుంది. వేట రైఫిలులో ఆ ఒత్తిడి మన చుట్టునున్న గాలి ఒత్తిడికి మూడువేల రెట్లు దాటుతుంది. కనుక రవ్వంత ఎక్కువైన మందు గుండును వేగపరచుటతో ఆగదు. తుపాకినే చీల్చి, పేల్చినవాని కంటినో చేతినో బలిగొంటుంది. పాత నల్లమందుకు అలవాటుపడిన చేయి అదే కొలతలో పొగరాని మందు పోయుట ఘోరప్రమాదాలకు దారితీసినది.

మందు తగ్గినా కీడే. అప్పుడు కీడు జింకకు. బలహీనమైన తూటా దానిని చంపదు, గాయపరుస్తుంది. గాయపడిన జింక పొదలలోనికి పరుగెత్తి, గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది బాధపడి చస్తుంది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లో 1890 దశకంలో తయారైన, తగిలినంతనే విచ్చుకొనే గుండును యుద్ధాలలో వాడరాదని 1899 హేగ్ ప్రకటన నిషేధించినది. వేటలో మాత్రం అట్టి గుండునే నేటికీ మేలైనదిగా ఎంచుతారు. జంతువు త్వరగా ప్రాణం విడుస్తుందని వారి వాదం. చంపుటలో కూడ బాధ తగ్గించవలెనన్న విచారం మంచి వేటగానికి ఉండేదన్నమాట.

అయితే తుపాకులు పెరిగినవి, జీపులు వచ్చినవి, బయళ్ళు పొలాలైనవి. రాజులు కృష్ణజింకలపైకి వదిలిన చీతా మన దేశంలో అంతరించినదని 1952లో ప్రకటించారు. కృష్ణజింకకు కూడ ఆ గతియే పట్టుననే భయం కలిగినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. కృష్ణజింకను చంపినవారికి నేడు మూడేండ్లకు తగ్గని, ఏడేండ్ల వరకు ఉండగల జైలుశిక్ష. దుప్పి వేట కూడ నిషిద్ధమే. ఇక 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేక తూటా తయారుచేయుట నేరం. దానికి ఇప్పుడు ఏడేండ్లకు తగ్గని, యావజ్జీవం వరకు పోగల శిక్ష కలదు. వేటయే లేనప్పుడు వేటతూటా ఎందుకు? గురిచూచి కొట్టే నేర్పుపై మక్కువగల యువకులకు షూటింగ్ రేంజీలు ఉన్నవి. మన హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినది మందు అక్కరలేని ఎయిర్ రైఫిలుతోనే.

నిజాం వేటరంగం ఏమైనదో కూడ చెప్పవలె. 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవ సందర్భంగా, దానికి మహావీర హరిణ వనస్థలి అని పేరు పెట్టినారు. 1994లో అది జాతీయోద్యానమైనది. అహింసను బోధించిన మహాత్ముని పేరు వేటరంగానికి అమరినది. అచ్చట నేడు కృష్ణజింకలనూ దుప్పులనూ చూడవచ్చును. దుప్పి కొమ్ములు ఏటేటా రాలి మరల మొలుస్తాయి. కృష్ణజింక మగది, అనగా ఇఱ్ఱి, మెలిదిరిగిన కొమ్ములను జీవితాంతం మోస్తుంది. నలుపు దానికే, లేడి లేత గోధుమరంగు. పిల్లలకు ఈ భేదం చూపుటకైనా ఒక ఉదయం అచ్చటికి వెళ్ళదగును.

చివరకొక మనవి. పాత ఇండ్ల అటకలపై, పెట్టెలలో పేలని తూటాలు ఇప్పటికీ దొరుకుతుంటాయి. ఏండ్లు గడిచినవి గదా, చచ్చిపోయి ఉంటుందని తలపకండి. దానిని విప్పవద్దు, సుత్తితో తట్టవద్దు, చెత్తలో వేయవద్దు, నిప్పు చేరువకు రానీయవద్దు. పిల్లలను దూరముంచి పోలీసుస్టేషనుకు తెలియజేయండి. వారే వచ్చి తీసుకొనిపోతారు. ఖాళీ గుల్లను కూడ వారికొకసారి చూపుట మంచిది. మా మాట విని బడంగ్‌పేట పెద్దాయన కూడ తమ ఇత్తడి గొట్టాన్ని తీసుకొనిపోయి చూపించి వచ్చినారు.