పాత ఇంటి బయటి తలుపులకి ఏ రంగు నిలబడుతుంది? గడప పెయింట్ గీకే ముందు ఇది చదవండి

మొన్న ఘనజీవామృతం వీడియోలో వెనకాల మా వీధి తలుపు కనిపించింది కదా, ఘనజీవామృతం మీద కంటే ఆ తలుపు మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. "రంగు ఏ కంపెనీది అన్నా?" అని. కంపెనీ పేరు చెప్తే అయిపోయే పని కాదండి ఇది. రెండుసార్లు డబ్బు, ఒకసారి ద్వారబంధం పోగొట్టుకున్నాక తెలిసింది రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి వైపు, తాతగారు కట్టించిన పెంకుటిల్లు. వీధి అరుగు మీద నాలుగు మద్ది స్తంభాలు, టేకు తలుపులు. ఇంటి ముఖం పడమర. మధ్యాహ్నం నుంచి ఎండ, వానాకాలంలో జల్లు, రెండూ నేరుగా ఆ తలుపుకే.

చెల్లి పెళ్లికి ముందు ఎనామిల్ వేయించాం. తళతళలాడింది. రెండో వానాకాలానికి బొబ్బలు లేచి పెచ్చులు ఊడింది. పైపైన గీకి, లప్పం పెట్టి, ఇంకోసారి వేయించాం. అదీ అంతే. మూడోసారి వేయిద్దామని వడ్రంగి బాబాయ్‌ని పిలిస్తే, ఆయన ద్వారబంధం కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది.

"రంగు బానే ఉందబ్బాయ్, లోపల చెక్కే లేదు" అన్నాడు.

అసలు జరిగేది ఏంటంటే, చెక్క వానాకాలంలో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో బిగుస్తుంది. మామూలు ఆయిల్ ఎనామిల్ మొదట్లో బాగానే సాగుతుంది కానీ ఎండకి ఏటేటా గట్టిపడి పెళుసవుతుంది. కింద చెక్క కదులుతుంటే పైన పొర కదల్లేక సన్నగా పగులుతుంది. ఆ పగుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, తిరిగి బయటికి ఆరడానికి పెయింట్ పొర అడ్డం. పూత మీద పూత వేసేకొద్దీ ఆ పొర మందమవుతుంది, చెక్క తడిలోనే ఉంటుంది. కుళ్లుకి అంతకంటే ఏం కావాలి.

ఇంకో సంగతి. నీళ్లు చెక్క పక్కల నుంచి కంటే కోసిన చివర నుంచి ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతాయి. గడ్డి పరకల కట్ట కొసని నీళ్లలో పెట్టినట్టే. మన పెయింటర్లు తలుపు ముందూ వెనకా మెరిపిస్తారు, కింది అంచు, పై అంచు వదిలేస్తారు. కనబడదు కదా! మా తలుపు కింది అంచుకి తాతగారి కాలం నుంచీ ఒక్క పూత కూడా పడలేదని దాన్ని ఊడదీస్తే తెలిసింది.

పాత రంగు మొత్తం గీకాల్సిందే అని తేలాక ఇంకో భయం పట్టుకుంది. మా గడపకి ఏళ్ల తరబడి పసుపు రంగు ఎనామిల్ వేస్తున్నారు. రోజూ పసుపు రాయక్కర్లేకుండా అందరిళ్లలో చేసేదే. పాత రోజుల్లో పసుపు, నారింజ, ఎరుపు ఎనామిల్స్‌లో ఆ మెరుపు కోసం లెడ్ క్రోమేట్ వాడేవారు. లెడ్ అంటే సీసం. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పూతల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు? మా పాపకి అప్పుడు పదకొండు నెలలు. ఆ గడప పట్టుకునే లేచి నిలబడేది, ఊడిన పెచ్చులు నోట్లో పెట్టుకోవడం నేనే రెండుసార్లు చూశాను. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకి సీసం కొద్దిగా ఉన్నా ప్రమాదమే.

ఇంకో మాట చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. రెండోసారి గీకిన పెచ్చులన్నీ ఊడ్చి పెంటకుప్పలో వేశాం. ఆ ఎరువు పెరటి ఆకుకూరల మడికి వెళ్లింది. పొలంలో మందు చుక్క పడనివ్వని నేను చేసిన పని ఇది. సీసం మూలకం అండి, సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి మాయం చేయలేవు. ఎన్ని జీవామృతాలు పోసినా మట్టిలోనే ఉంటుంది. ఆ మడిలో ఇప్పుడు ఆకుకూరలు మానేసి బంతి వేస్తున్నాను. పశువుల సంగతి కూడా చూసుకోండి. పాత పెయింట్ నాకి దూడలకి సీసం విషం ఎక్కడం పశువైద్యులకి కొత్తేం కాదు. మా దూడని కట్టేది అరుగు స్తంభానికే. కట్టుకొయ్య వెంటనే మార్చాం.

టెస్ట్ చేయించలేదు, సీసం ఉన్నట్టే అనుకుని పని చేశాం. పాపని అమ్మమ్మ ఇంటికి పంపాం. కింద పాలిథిన్ పట్టా పరిచి, చెక్క తడిపి, తడిగానే గీకాం. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది కాబట్టి మెషీన్ సాండింగ్ వద్దన్నాను. పెయింటర్ బ్లో ల్యాంప్‌తో కాలుద్దాం అన్నాడు, తొందరగా అవుతుందని. అది అసలే వద్దు, వేడికి సీసం పొగలా లేస్తుంది. మాస్కు, పాత బట్టలు తప్పనిసరి. పెచ్చులన్నీ డబ్బాలో వేసి మూత బిగించాం. ఆ డబ్బా ప్రమాదకర చెత్త కిందికి వస్తుంది, మామూలు చెత్తలో కలపకండి, తగలబెట్టకండి.

కుళ్లిన కాళ్ల దగ్గర బాబాయ్ పాత టేకుతోనే అతుకు వేశాడు. తర్వాత మూడు వారాలు చెక్కని ఊరికే ఆరనిచ్చాం. పనంతా ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకున్నది అందుకే.

ఇక ఏం పూశామో. నాకు గానుగ ఉంది కాబట్టి మొదట నా బుద్ధి నూనె మీదికే పోయింది. వేరుశెనగ నూనె రాయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు, అది ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టి జిగురవుతుంది. చెక్క మీద గట్టిపడేది అవిసె గింజల నూనె. గానుగలో ఆడించిన పచ్చి అవిసె నూనె ఒక స్తంభానికి రాసి చూశాను. ఆరడానికి వారాలు పట్టింది, వానలు వెళ్లేసరికి నల్లటి బూజు చుక్కలు. మన కోస్తా తేమకి పచ్చి నూనె ఒక్కటీ బయట నిలబడదు, నా సొంత సరుకైనా ఇదే చెప్తాను.

తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ తెచ్చాం. దాంట్లో ఆరబెట్టే లోహ లవణాలు ఉంటాయి, తినే నూనె కాదు. కాస్త టర్పెంటైన్, రెడ్ ఆక్సైడ్ రంగుపొడి కలిపి, పల్చగా రాసి, పావుగంటకి మిగిలింది తుడిచేశాం. అలా మూడుసార్లు, మధ్యలో పూర్తిగా ఆరనిచ్చి. రంగుపొడి అందానికి కాదు, ఎండ చెక్కని కొరక్కుండా ఆపేది అదే. పారదర్శకమైన వార్నిష్ బయట తొందరగా పోయేది కూడా ఇందుకే. స్తంభాల మీద చూరు నీడ ఉంది కాబట్టి వాటికి ఇది సరిపోయింది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. మా కుర్రాడు గడ్డివామి పక్కన పడేశాడు, చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి! నీళ్ల బకెట్‌లో ముంచి, తర్వాత విడివిడిగా ఆరేయండి.

నేరుగా జల్లు కొట్టే వీధి తలుపుకి మాత్రం నూనె చాలదు. దానికి బయటి చెక్కకి పనికొచ్చే వాటర్ బేస్ అక్రిలిక్ వేశాం. అది సాగుతుంది, లోపలి తేమని కొంత ఆవిరిగా వదుల్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి ప్రైమర్‌కి ముందే థిన్నర్ గుడ్డతో తుడవాలి. తర్వాత వుడ్ ప్రైమర్, దానిపై రెండు పల్చటి పూతలు. కోసిన అంచులకి మూడు. లప్పం అసలు వాడలేదు, బయటి చెక్క మీద మొదట రాలేది అదే. పడమటి ముఖం కాబట్టి పొద్దున్నే వేసి, ఎండ ఎక్కేలోపు ఆపేశాం. డబ్బా మీద సీసం 90 పీపీఎం దాటదన్న మాట ఉందో లేదో చూసి కొన్నాను.

ఆవు పేడ పెయింట్ వేయలేదేం అని అడుగుతారని తెలుసు. ఖాదీ వాళ్లు 2021 జనవరిలో తెచ్చిన ప్రాకృతిక్ పెయింట్ డిస్టెంపర్, ఎమల్షన్. అవి గోడలకి. వాన కొట్టే చెక్కకి నేను వేయను.

గడపకి పెయింట్ వేయలేదు, అవిసె నూనె మాత్రమే. అమ్మ మొదట ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం మా పొలం పసుపే రాస్తోంది. బజారు పసుపులో కూడా మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన సంఘటనలు బయటపడ్డాయి, అది కూడా చూసుకోండి.

పని పూర్తయ్యాక రెండు వానాకాలాలు గడిచాయి. తలుపు మీద బొబ్బ లేదు. స్తంభాల్లో వీధి వైపుది కాస్త వెలిసింది. దానికి మే నెలలో ఇంకో పల్చటి పూత వేస్తాను, గీకే పని ఉండదు. ఆ రోజు వీడియో తీసి తలుపు కింది అంచు కూడా చూపిస్తాను.