యంత్రం ఇచ్చిన తీర్పు, యంత్రం పంపిన సాక్ష్యం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో అనేక తెలుగు కుటుంబాలకు కంప్యూటర్ రంగమే జీవనాధారం. అర్ధరాత్రి ఫోను మోగితే అది స్వదేశం నుండి వచ్చిన పిలుపో, ఎక్కడో నడుస్తున్న ప్రోగ్రాము పంపిన తప్పుల వర్తమానమో తెలియక ఉలిక్కిపడే ఇళ్ళు ఇచ్చట లేకపోలేదు.

వ్రాసినవాని బల్లపై ఉన్నంతవరకు ప్రోగ్రాములోని తప్పులు కంటికి కనబడతాయి. ఊరు దాటి మరొక యంత్రంలో నడవసాగిన పిమ్మట అది తన క్షేమసమాచారం తానే పంపుకోవాలి. దూరాన ఉన్న యంత్రం నుండి ఇట్లు కొలతలు రప్పించుకొనుటనే టెలిమెట్రీ అంటారు. అయితే ఏమి పంపాలి? ‘తప్పు జరిగినది’ అన్న ఒక్క ముక్క చాలునా? చాలదని తెలిపే ఉదాహరణ మన శ్రీహరికోటలోనే ఉన్నది.

2022 ఆగస్టు 7 ఉదయం 9 గంటల 18 నిమిషాలకు ఎస్.ఎస్.ఎల్.వి. శ్రేణిలోని తొలి రాకెట్ అక్కడి నుండి లేచింది. అందులో ఇ.ఓ.ఎస్.-02 ఉపగ్రహంతోపాటు, 75 పాఠశాలలకు చెందిన 750 మంది బాలికల కృషితో రూపొందిన 8 కిలోల ఆజాదీశాట్ ఉన్నది. మూడు ఘన ఇంధన దశలూ సక్రమంగా మండాయి. అయినను 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిన దీర్ఘవృత్తం దక్కింది. అంత తక్కువ ఎత్తున వాతావరణపు రాపిడికి ఉపగ్రహం నిలువదు. రెండూ పోయాయి.

సెన్సర్ విఫలమైనదని ఇస్రో ఆనాటి తొలి ప్రకటన సూచించింది. రాకెట్ ప్రయాణంలో నమోదైన కొలతలను పరిశీలించిన మీదట కథ మారింది. రెండవ దశ విడివడునపుడు పరికరాల అరలో స్వల్పకాలం తీవ్రమైన ప్రకంపన పుట్టింది. వేగపు మార్పును కొలిచే పరికరాలు ఆ కుదుపుకు లోనైనవి. లోపాలను కనిపెట్టుటకై రాకెట్‌లో అమర్చిన ప్రోగ్రాము వాటిని చెడిపోయినట్లు నిర్ణయించి, ఆపద్ధర్మ మార్గానికి మళ్ళించింది. ప్రోగ్రాము వ్రాసినది వ్రాసినట్లే నడిచింది, చిక్కంతా అక్కడే!

‘సెన్సర్లు చెడినవి’ అన్న తీర్పు మాత్రమే భూమికి చేరి ఉంటే, శాస్త్రజ్ఞులు నిర్దోషులైన సెన్సర్లనే విప్పి చూస్తూ కూర్చునేవారు. తీర్పుతోపాటు కొలతలూ వచ్చినందువల్లనే ఆ తీర్పును ప్రశ్నించగలిగారు. కార్యాలయపు ప్రోగ్రాములకూ ఇదే వర్తిస్తుంది. తప్పు పేరుతోపాటు అంతకు ముందు వెనుకల స్థితి కూడా రావాలి. అట్లని వాడుకరుల రహస్యపదాలను కూడా మూటగట్టి పంపరాదు సుమా!

రెండవ దశను విడదీసే ఏర్పాటును తక్కువ కుదుపు గలదానితో మార్చారు. సెన్సర్‌ను దోషిగా తేల్చే ముందు మరికొంతసేపు వేచి చూడునట్లు ప్రోగ్రామును సవరించారు. 2023 ఫిబ్రవరి 10న ఎగసిన రెండవ రాకెట్, బాలికల ఆజాదీశాట్-2ను మరి రెండు ఉపగ్రహాలతోపాటు 450 కిలోమీటర్ల కక్ష్యలో చేర్చింది.