ఎవరు లోకల్? పోలీసు కొలువులు, ఆరో జోను, వాడపిల్లలు

2009 అక్టోబరు 21న సిద్దిపేటలో జరిగిన ఉద్యోగ గర్జన అందరికీ గుర్తే. తెలంగాణ ఉద్యమం మళ్లీ రాజుకున్నది అక్కడే అంటారు. ఆ సభ పెట్టడానికి దగ్గరి కారణం మాత్రం పోలీసు ఉద్యోగాలు. ఈ సంగతి ఇప్పటి విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. హైదరాబాదు పోలీసు నియామకాలకు ఫ్రీ జోనేనని సుప్రీంకోర్టు అదే నెల 9న చెప్పింది. అప్పుడు సిద్దిపేట మెదక్ జిల్లాలో, అంటే ఆరో జోనులో ఉంది. హైదరాబాదూ ఆరో జోనే. పట్నంలో ఎస్.ఐ. కొలువు మాదీ అనుకున్న పిల్లలకు ఆ తీర్పుతో గుండె ఆగినంత పనైంది.

ఇంతకూ ఈ లెక్క ఎక్కడిది? రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం ఉద్యోగాల్లో నివాసాన్ని బట్టి వివక్ష చూపకూడదు. అదే అధికరణం మూడో క్లాజు మాత్రం నివాస నిబంధన పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది, రాష్ట్రాలకు ఇవ్వలేదు. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో అంబేద్కర్ దీన్ని సమర్థించారు. వేళ్లు లేకుండా వలసపక్షుల్లా వచ్చి మంచి కొలువులు తీసుకొని వెళ్లిపోయేవాళ్లను కొంత ఆపాల్సిందే అన్నది ఆయన మాటల సారం. స్థానికత అంటే సంకుచితత్వమని తేల్చేసే మన పెద్దమనుషులు ఆ చర్చ ఒకసారి చదివితే మంచిది.

1919 నాటి నిజాం ముల్కీ ఫర్మానా పదిహేనేళ్ల నివాసం అడిగింది. 1957లో పార్లమెంటు చేసిన నివాస చట్టంలోని తెలంగాణ రక్షణను 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో అదే కోర్టు చెప్పింది. దాని మీద ఆంధ్రలో ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాలు, తర్వాత 371-డి అధికరణం, 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసింది. జిల్లా స్థాయి చిన్న కొలువుల్లో 80 శాతం, జోనల్ నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం స్థానికులకు. మిగిలిన 30 నాన్ లోకల్ కోటా కాదు, అది ఓపెన్. లోకల్ వాడూ మెరిట్‌తో అందులోకి రావచ్చు. కానీ దఫ్తర్లలో దాన్ని నాన్ లోకల్ కోటాగానే నడిపించారన్న ఫిర్యాదు దశాబ్దాలు నడిచింది. 1985లో 610 జీవో వచ్చింది కూడా ఇలాంటి ఉల్లంఘనల మీదే.

ఆ ఉత్తర్వు 14వ పేరాలో మినహాయింపులున్నాయి. సచివాలయం, శాఖాధిపతుల ఆఫీసులు వగైరా. వాటి చివర (ఎఫ్): 1348 ఫస్లీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం కింద పోలీసు అధికారి అనిపించుకునే ఏ పోస్టుకూ ఈ ఉత్తర్వు వర్తించదు. ఒక్క వాక్యం. దాని మీదే 2009 గొడవంతా. 2010 మార్చిలో అసెంబ్లీ దాన్ని తీసేయమని తీర్మానించింది, 2011 ఆగస్టులో రాష్ట్రపతి తీసేశారు.

అమెరికా నగరాల్లోనూ పోలీసులకు, ఫైర్‌మన్‌లకు నివాస నిబంధన ఉంటుంది కదా అని మిత్రులు అడుగుతుంటారు. ఉంటుంది, కానీ ఆ తీరు వేరు. ఫిలడెల్ఫియాలో పదహారేళ్లు పనిచేసిన ఫైర్‌మన్ ఒకాయన పక్క రాష్ట్రానికి కాపురం మార్చాడని కొలువు తీసేస్తే, 1976లో అక్కడి సుప్రీంకోర్టు నగరాన్నే సమర్థించింది. అక్కడ అడిగేది కొలువు దొరికాక ఎక్కడుంటావని. ఇక్కడ అడిగేది కొలువుకు ముందు ఎక్కడ చదివావని. కొలువు వచ్చాక ఎక్కడ కాపురమున్నా స్థానికత పోదు. ఇంకో తేడా, మన దగ్గర పోలీసు గానీ ఫైరు గానీ మున్సిపాలిటీవి కావు, రాష్ట్రానివి. మున్సిపాలిటీ చేతిలో ఉన్నది ఊడ్చేవాళ్లు, మోరీలు తీసేవాళ్లు. ఆ పనిలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ పనికి లోకలా నాన్ లోకలా అని ఎవడూ కోర్టుకు పోలేదు. ఏ జోను గర్జనా దాని కోసం జరగలేదు!

ఇప్పటి సంగతికి వద్దాం. 2018 ఉత్తర్వుతో తెలంగాణ ఏడు జోన్లయింది, స్థానికుల వాటా 95 శాతమైంది. 2016లో పుట్టిన సిద్దిపేట జిల్లా మూడు పాత జిల్లాల ముక్కలు కలిపినది. సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ మెదక్ నుంచి, హుస్నాబాద్ కరీంనగర్ నుంచి, చేర్యాల వరంగల్ నుంచి వచ్చాయి. 2009లో హుస్నాబాద్ పిల్లగాడు అయిదో జోను, సిద్దిపేట పిల్లగాడు ఆరో జోను. ఇప్పుడు ఇద్దరూ మూడో జోను, రాజన్న జోను. హైదరాబాదేమో చార్మినార్ జోనులో పడ్డది. అంటే ఫ్రీ జోను మీద గర్జించిన ఊరి పిల్లలు ఆ పట్నం జోనల్ కొలువుల్లో ఇప్పుడు నాన్ లోకల్. అయిదు శాతం ఓపెన్‌లో పోటీ పడాలె. దీని మీద పెద్దగా ఎవరూ మాట్లాడకపోవడం మాకు వింతగానే ఉంది.

స్థానికుడు ఎవరన్న నిర్వచనమూ మారింది, వాడపిల్లలకు అసలు సంగతి అదే. పాత ఉత్తర్వులో ఆచరణలో పదో తరగతితో ముగిసే నాలుగేళ్లు చూసేవాళ్లు. సిద్దిపేట పక్క ఊరి మాదిగ పిల్లగాడు కరీంనగర్ హాస్టల్లో ఏడు నుంచి పది దాకా చదివితే అయిదో జోను వాడయ్యేవాడు. ఇల్లూ వాకిలీ ఇక్కడ, స్థానికత అక్కడ. ఊళ్లె బడి సరిగ్గా లేక, ఇంట్ల తిండి చాలక హాస్టలు పట్టినందుకు అది శిక్ష. కొత్త ఉత్తర్వు ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివాడో చూస్తుంది. గురుకులం అయిదో తరగతిలో మొదలు. నాలుగు దాకా ఊరి బడిలో చదివితే ఊరి స్థానికత దక్కుతుంది. ఇది మేలే.

కానీ బతుకుదెరువుకు తల్లిదండ్రులు బొంబాయి, భివండీ పోతే? చిన్నప్పుడు వాళ్లతో పోయి అక్కడే నాలుగైదు తరగతులు చదివిన పిల్ల ఇక్కడికి తిరిగొస్తే ఇక్కడ నాన్ లోకల్. భూమి ఉన్నోడు ఊరు విడవడు, విడిచినా పిల్లల్ని ముసలోళ్ల దగ్గర ఉంచి చదివిస్తాడు. భూమి లేనోడు పిల్లల్నీ ముల్లెనూ కలిపి మోసుకుపోతాడు. వలసను లెక్కలోకి తీసుకోని స్థానికత భూమి ఉన్నోడి స్థానికతే అవుతుంది.

ఇంకో చిక్కు కేడరు చిన్నదవడం. 2025లో ఎస్సీల 15 శాతాన్ని ఒకటి, తొమ్మిది, అయిదుగా వర్గీకరించారు. వర్గీకరణ న్యాయమైన కోరిక, అందులో మాకు రెండో మాట లేదు. కానీ జిల్లా కేడర్‌లో నలభై పోస్టులే పడితే నూరు పాయింట్ల రోస్టర్‌లో ఒకే ఒక్క పాయింటున్న మొదటి గ్రూపు వంతు ఆ విడతలో రాకనే పోవచ్చు. పోస్టులు విడతలుగా, జిల్లాలుగా తరిగి ఇచ్చే కొద్దీ ఇది పెరుగుతది. రోస్టర్ రిజిస్టర్ అడిగి చూడటం కార్యకర్తలు నేర్చుకోవాల్సిన పని.

లోకల్ పోలీసు వస్తే వాడకు రక్షణేనా? మేము అంత నమ్మకంగా చెప్పలేం. లోకల్ కానిస్టేబుల్ ఊరి దొరకు చుట్టమూ కావచ్చు, వాడకు కొడుకూ కావచ్చు. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలని 1995 నిబంధనలు పెట్టింది ఊరికే కాదు. కానీ ఫిర్యాదు రాసుకునేది స్టేషన్లో కూర్చున్నోడు. ఆ కుర్చీలో మనోళ్లు ఉండాలంటే దరఖాస్తు కాగితం దగ్గరే ఓడిపోవద్దు. అందుకని ఈ ఏడు టెన్త్, ఇంటర్ చదివే పిల్లలకు ఒక మాట. ఒకటి నుంచి ఏడు దాకా చదివిన ప్రతి బడి నుంచీ బోనఫైడ్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక ఉరికితే మూతబడ్డ బడి రిజిస్టర్ ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే వారం పోతది. ఆ తరగతుల్లో బడికే పోని వాళ్లకు నివాస ధృవపత్రం తహసీల్దారు ఇవ్వాలి.