మీకు తెలుసా? పెద్ద చిల్లుకు చప్పుడుండదు

పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. జనం అన్నిటినీ కలిపి ‘గుండెకు చిల్లు’ అనేస్తారు గానీ ఇరుకైన కవాటాలు, తారుమారైన రక్తనాళాలు కూడా ఈ లెక్కలోవే. ఈ పిల్లల్లో ఎక్కువమందికి గుండె తప్ప మిగతా అంతా బాగానే ఉంటుంది. కొందరిలో మాత్రం అది ఏదో ఒక జన్యు సిండ్రోమ్‌తో కలిసి వస్తుంది.

ఏ సిండ్రోమ్ గుండెలో ఎక్కడ దెబ్బ కొడుతుందో డాక్టర్లు చాలావరకు ముందే ఊహించగలరు. టర్నర్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లల్లో బృహద్ధమనిని, నూనన్ సిండ్రోమ్ పిల్లల్లో ఊపిరితిత్తుల వైపు కవాటాన్ని ముందు చూస్తారు.

అన్నిటికంటే ఆశ్చర్యం డౌన్ సిండ్రోమ్‌ది. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడుండే ఈ పిల్లల్లో దాదాపు సగంమందికి గుండె లోపం కనిపిస్తుంది. వీళ్లలో తరచూ వచ్చేది గుండె నడిమధ్యన, నాలుగు గదులు కలిసే చోట పడే పెద్ద చిల్లు. పుట్టిన కొత్తలో అది స్టెతస్కోప్‌కు దొరక్కపోవచ్చు! చిల్లు పెద్దదైతే రెండు వైపులా ఒత్తిడి ఇంచుమించు సమానం. రక్తం వేగంగా దూకదు, చప్పుడూ ఉండదు. గోల చేసేది చిన్న చిల్లే. అది చాలాసార్లు దానంతటదే పూడిపోతుంది కూడా.

పెద్ద చిల్లు ఉన్న చంటిబిడ్డ నాలుగు గుక్కలు తాగి రొప్పుతుంటే, ఫ్యాన్ కింద కూడా నుదురు చెమటతో తడుస్తుంటే, ‘ఉక్కపోతలే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. ఈలోగా ఆ చిల్లు వల్ల ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడతాయి. మరీ ఆలస్యమైతే చిల్లు మూసే అవకాశమే పోతుంది. అందుకే ఇలాంటి చిల్లుకు సాధారణంగా ఆరు నెలల లోపే ఆపరేషన్ చేస్తారు. డౌన్ పిల్లలు దానికి తట్టుకోలేరన్నది పాతకాలపు మాట. ఈ చిల్లు విషయంలో వాళ్లు మిగతా పిల్లలకు ఏమాత్రం తీసిపోకుండా కోలుకుంటున్నారు.

డౌన్ సిండ్రోమ్ అని తెలిసిన బిడ్డకు చప్పుడు వినపడినా, వినపడకపోయినా మొదటి వారాల్లోనే ఎకో చేయించండి. గర్భిణికి చేసే స్కానింగ్ లాంటిదే అది, సూది కూడా గుచ్చరు.