ట్యాగు మీద ఆకు బొమ్మ: అపోహలు – వాస్తవాలు

ఏ షోరూములో కుర్తీ తిరగేసినా ఈమధ్య గోధుమరంగు అట్టముక్క ఒకటి వేలాడుతోంది. జనపనార దారం, మీద ఆకు బొమ్మ, పక్కన ‘ఎకో’ అనో ‘కాన్షియస్’ అనో ఒక మాట. నేలకూ నీటికీ చేటు చెయ్యని, కుట్టినవాళ్ల పొట్ట కొట్టని బట్ట కావాలనుకునేవాళ్లు పెరిగారు కాబట్టే ఈ అట్టముక్కలూ పెరిగాయి. కోరిక మంచిదే. కానీ ఏ బ్రాండు ఎలాంటిదో తేల్చుకోవడానికి మనం నమ్ముకున్న గుర్తులే చాలావరకు పనికిరానివి.

అపోహ: సర్టిఫికెట్ ఉందంటే అన్నీ సవ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: ఏ సర్టిఫికెటైనా తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అని ఉంటే, ఆ బట్టలో ఒంటికి హానిచేసే రసాయనాలు పరిమితి దాటలేదని అర్థం. కుట్టిన అమ్మాయికి ఓవర్‌టైమ్ డబ్బులు ముట్టాయా అన్నది దాని పరిధిలోనే లేదు. బెటర్ కాటన్ గుర్తు చాలాకాలం ‘మాస్ బ్యాలెన్స్’ లెక్క మీద నడిచింది. అంటే బ్రాండు అంత పత్తికి కొనుగోలు లెక్క చూపిస్తుంది, మీ చొక్కాలో ఉన్నది ఆ పత్తే కానక్కర్లేదు. సేంద్రియ బట్టలకిచ్చే గాట్స్ (GOTS) సర్టిఫికెట్ ఈ రెంటికన్నా లోతుకు వెళ్తుంది. కనీసం 70 శాతం సేంద్రియ నారతో పాటు అద్దకంలో వాడే రసాయనాలు, మురుగునీటి శుద్ధి, పనివాళ్ల హక్కులు కూడా చూస్తుంది. అంతటి గాట్స్‌కే 2020లో మన దేశంలో 20,000 టన్నుల పత్తికి దొంగ పత్రాలు దొరికాయి. ఆ సంగతి గాట్సే పట్టుకుని బయటపెట్టి, 11 సంస్థలను నిషేధించింది. నా లెక్కలో ఇది గాట్స్ పరువు పెంచిన విషయమే. ఎప్పుడూ ఎవరినీ పట్టుకోని లేబుల్‌నే ఎక్కువ అనుమానించాలి.

పనిస్థలం భద్రత దగ్గరికొస్తే కథ ఇంకా చేదు. 2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ కాలి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు, బయటికి దారులు బంద్. ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది అంతకు కొద్ది వారాల ముందే. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది పోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. అదే భవనంలోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని వాళ్లను మాత్రం లోపలికి పంపారు. అందులోని ఫ్యాక్టరీల్లోనూ అంతకుముందు ఆడిట్లు జరిగాయి, కాకపోతే భవనం గట్టిగా ఉందో లేదో చూడటం ఆ ఆడిటర్ల పని కాదు! ఆడిట్ ఖర్చు తరచు ఫ్యాక్టరీయో, బ్రాండో భరిస్తుంది, వచ్చే తేదీ ముందే తెలుస్తుంది. ఇదేదో పొరుగుదేశాల గొడవ అనుకోనక్కర్లేదు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి మన అచ్యుతాపురం సెజ్‌లోని దుస్తుల యూనిట్‌లో విషవాయువు పీల్చి వందలమంది ఆడవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు.

రాణా ప్లాజా తర్వాత వచ్చిన ‘అకార్డ్’ ఒప్పందం తీరు వేరు. బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి సంతకం చేసిన, చట్టబద్ధంగా కట్టుబడాల్సిన కాగితం అది. తనిఖీ నివేదికలు బహిరంగం. బంగ్లాదేశ్‌లో కుట్టించే బ్రాండు గొప్పలు చెప్పుకుంటుంటే, అకార్డ్‌లో సంతకం ఉందా అని చూడటం పది ఆకు బొమ్మలు చూడటం కంటే నయం.

అపోహ: ఖరీదెక్కువైతే పనివాళ్లకూ ఎక్కువే ముడుతుంది.

వాస్తవం: 2024లో మిలాన్ కోర్టు అర్మానీ, డియోర్ గ్రూపుల తయారీ సంస్థలను కొంతకాలం కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. సబ్‌కాంట్రాక్టర్ల దగ్గర జరుగుతున్న శ్రమదోపిడీని పట్టించుకోలేదన్నది కారణం. ధర బ్రాండు పేరుకు వేసిన వెల, అంతే.

అపోహ: చేనేత, సహజం అన్నాక ఇక అడగడానికేముంది?

వాస్తవం: చాలా ఉంది. మగ్గానికి కరెంటు అక్కర్లేదు, నిజమే. కానీ నూలు ఎక్కువగా మిల్లుదే, రంగులు ఎక్కువగా రసాయనాలే, అద్దకం నీళ్లు పోయేది ఊళ్లోని కాలువలోకే. ఇక కూలి సంగతి. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ చీరకింత అని కూలి కడతాడు. వానాకాలంలో గుంట మగ్గంలోకి చెమ్మ ఎక్కి పని ఆగిపోతే ఆ రోజులు నేతగాడి ఖాతాలోనే పోతాయి. ‘నేతన్నకు అండ’ అని ప్రకటన వేసే బ్రాండును అడగాల్సింది ఇదే: చీరకు కూలెంత? పని లేని రోజుల్లో ఏం చేస్తారు? నేతగాడి ఫొటో పెట్టడం తేలిక, కూలి అంకె పెట్టడమే కష్టం.

అసలది చేనేతేనా అన్నదీ చూసుకోవాలి. పోచంపల్లి చీరకు నేయకముందే నూలుకు చిటికి కట్టి (అక్కడక్కడ బిగించి కట్టి) రంగు అద్దుతారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకే గాఢతతో ఉంటుంది, ఆకారాల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అదే డిజైను ప్రింటు వేసిన గుడ్డను తిప్పి చూడండి, వెనక వైపు రంగు వెలవెలబోతుంది, ముందువైపు అంచులు గీత గీసినట్టుంటాయి.

‘వెదురు బట్ట’ సంగతి రెండు ముక్కల్లో: దుకాణాల్లో దొరికేది చాలావరకు వెదురు గుజ్జును ఘాటు రసాయనాల్లో కరిగించి తీసిన రేయాన్. దాన్ని వెదురు అని అమ్మినందుకు 2022లో అమెరికాలో వాల్‌మార్ట్, కోల్స్ రెండూ కలిపి 55 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది.

అపోహ: ప్రపంచంలో రెండో అతిపెద్ద కాలుష్య పరిశ్రమ ఫ్యాషన్. ఒక్క టీషర్టుకు 2,700 లీటర్ల నీళ్లు.

వాస్తవం: ‘రెండో స్థానం’ అన్న మాటకు వెనక్కి వెళ్లి వెతికితే గట్టి ఆధారం దొరకదు. కర్బన ఉద్గారాల్లో వస్త్ర పరిశ్రమ వాటా 10 శాతమనీ అంటుంటారు. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ 2021లో వేసిన అంచనా 2 శాతం దరిదాపుల్లో ఉంది. అది తక్కువేం కాదు, పెంచి చెప్పనక్కర్లేదు. 2,700 లీటర్లన్నది ప్రపంచ సగటు, అందులో వాననీళ్లూ కలిసే ఉన్నాయి. తెలంగాణ నల్లరేగళ్లలో ఎక్కువగా వానమీదే పండే పత్తికీ, ఎడారి కాలువ నీళ్లతో పండే పత్తికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది?

ఎంత నీరు అన్నదాని కంటే ఎవరి నీరు, ఏమైంది అన్నది అడగాలి. తిరుప్పూర్ అద్దకం యూనిట్ల మురుగుతో నొయ్యల్ నది పాడైపోయి, దిగువ రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి యూనిట్లను మూయించింది. చుక్క మురుగు బయటికి వదలని పద్ధతికి మారాకే అవి నడిచాయి. పైన చెప్పిన అంచనాలోనే ఇంకో సంగతి ఉంది: పరిశ్రమ ఉద్గారాల్లో దాదాపు సగం గుడ్డ తయారీ, అద్దకం, ఫినిషింగ్ దశలోవే. ప్లాస్టిక్ సంచి మాని కాగితం సంచి ఇచ్చామని చెప్పుకునే బ్రాండు తన అద్దకం మిల్లు పేరు చెబుతుందా? చాలా బ్రాండ్లు కుట్టే ఫ్యాక్టరీ పేర్ల దగ్గరే ఆగిపోతాయి.

అపోహ: పాత బట్టలు షోరూము డబ్బాలో వేస్తే కొత్త బట్టలై వస్తాయి.

వాస్తవం: బట్టల్లో వాడే సరుకులో తిరిగి కొత్త బట్టగా మారేది 1 శాతం లోపే అని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో లెక్కగట్టింది. ‘రీసైకిల్డ్ పాలిస్టర్’ కూడా సాధారణంగా పాత బట్టల నుంచి కాదు, నీళ్ల సీసాల నుంచి వస్తుంది. డబ్బాలో వేసినందుకు కూపన్ ఇచ్చి మరో నాలుగు జతలు కొనిపించే పథకాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

అపోహ: మనలాంటి కొనేవాళ్లకు తెలుసుకునే దారే లేదు.

వాస్తవం: కొంత ఉంది. స్టాక్ మార్కెట్లో నమోదైన అగ్రశ్రేణి 1,000 కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. బ్రాండు వెనకున్న కంపెనీ వాటిలో ఉంటే కనీస వేతనంతో సరిపెట్టింది ఎంతమందికి, అంతకన్నా ఎక్కువ ఇచ్చింది ఎంతమందికి అన్న పట్టిక ఆడ మగ వేర్వేరుగా దొరుకుతుంది. ప్రమాదాలు, ఫిర్యాదుల లెక్కలూ ఉంటాయి. బయట కాంట్రాక్టుకు కుట్టించే యూనిట్ల సంగతి మాత్రం అందులో సరిగా తేలదు. ఆ లోటు గుర్తుంచుకునే చదవాలి. ఇక ‘ఎకో’, ‘గ్రీన్’ లాంటి మాటలు ఆధారం లేకుండా వాడకూడదని 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ట్యాగు మీది మాటకు రుజువేదని కంపెనీకి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.