ఉప్పు మీద గాలి అణువులు అమరే తీరు

కార్తీకమాసపు వానల్లో తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఉప్పుజాడీ చెమ్మగిల్లడం అందరికీ అనుభవమే. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా నీరుకారుతుంది. రాళ్ళుప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే తడుస్తుంది. ఆ తడి కంటికి కనబడే లోపలే గాలిలోని అణువులు ఉప్పు పలుకు మీద చేరి ఉంటాయి. ఇలా ఉపరితలాన్ని అంటిపెట్టుకోవడాన్ని అధిశోషణం అంటారు. ఆ అణువులు ఎక్కడ పడితే అక్కడ వాలవు.

ఉప్పు స్ఫటికాన్ని శూన్యంలో చీలిస్తే బయటపడే ముఖం చదరంగం బల్లలా ఉంటుంది. ఒక గడిలో ధనావేశంతో సోడియం, పక్క గడిలో రుణావేశంతో క్లోరైడ్. రెంటికీ మధ్య దూరం 0.28 నానోమీటర్లు. కార్బన్ మోనాక్సైడ్ అణువుకు కార్బన్ కొస కాస్త రుణం. అందుకే బాగా చల్లబరిచిన ఉప్పు మీద ఒక్కో సోడియానికి ఒక్కో అణువు చొప్పున, కార్బన్ కొస కిందికి పెట్టి నిటారుగా నిలబడతాయి. మైనస్ 238 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే ఒకటి అటూ ఒకటి ఇటూ కొద్దిగా ఒరుగుతాయి. 2020లో జర్మనీలోని గోటింగెన్ శాస్త్రవేత్తలు పరారుణ కాంతితో శక్తినిచ్చి, వాటిలో కొన్ని తలకిందులై ఆక్సిజన్ కొస మీద నిలబడడం గమనించారు.

రెండు కొసలా ఆక్సిజనే ఉన్న కార్బన్ డయాక్సైడ్ పద్ధతి వేరు. ఏటవాలుగా వాలిన రెండు అణువులు, దిక్కులు వేరుగా, ఒక జంట అవుతాయి. ఉపరితలమంతా ఆ జంటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. దీన్ని పట్టిచ్చింది పరారుణ వర్ణపటం. కంపనానికి ఒక గీత రావలసిన చోట రెండు వచ్చాయి. స్ఫటికంలో అమరికను బట్టి ఎన్ని గీతలు రావాలో లెక్కగట్టే గణితాన్ని తీర్చిదిద్దిన వారిలో మన సూరి భగవంతం, టి. వేంకటరాయుడు ఉన్నారు. గ్రూపు సిద్ధాంతంపై వారి గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. మన డిగ్రీ పిల్లల్లో ఎక్కువమందికి ఈ పేర్లు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ అధిశోషణ శాస్త్రం తిరుపతికి ప్రాణావసరం. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ఆ రెండో అల తర్వాత దేశమంతటా ఎన్నో ఆసుపత్రుల్లో గాలి నుంచే ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు పెట్టారు. వాటిలో పనిచేసేవి జియోలైట్ గుళికలు. సన్నని రంధ్రాలున్న ఆ స్ఫటికంలోనూ సోడియం లేదా లిథియం అయాన్లే ఉంటాయి. నైట్రోజన్ అణువులో ఆవేశం పరచుకున్న తీరు ఆక్సిజన్‌లో కన్నా ఎగుడుదిగుడు. కాబట్టి గాలిని ఒత్తిడితో పంపినప్పుడు అయాన్లు నైట్రోజన్‌ను గట్టిగా పట్టుకుంటాయి, ఆక్సిజన్ సాగిపోతుంది. ఒత్తిడి తగ్గించగానే నైట్రోజన్ వదులుతుంది, గుళికలు మళ్ళీ పనికొస్తాయి. 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి ఇలా 93 శాతం ఆక్సిజన్‌గా బయటికొస్తుంది.

అయితే నీటి అణువు నైట్రోజన్ కన్నా గట్టిగా ఆ అయాన్లను పట్టుకుంటుంది. తేమ చేరిన గుళికల్లో నైట్రోజన్‌కు చోటుండదు, వచ్చే ఆక్సిజన్ పలచబడుతుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ఉన్నవారికి నా మనవి ఒకటే. ప్లాంటు నడుస్తోందా అని అడిగి ఊరుకోకండి. గాలిని ఆరబెట్టే డ్రయ్యరు పనిచేస్తోందా, మీటరులో ఆక్సిజన్ ఎంత శాతం చూపిస్తోంది, ఈ రెండూ తప్పకుండా అడగండి.